కాయకమును చాటవచ్చును, తనను చాటుకొనరాదు



క్రొత్తగా వ్యాపారము ఆరంభించిన యువకులు మఠమునకు వచ్చినప్పుడు గురువుల యెదుట ఒక సందేహము నుంచుట కలదు. ఆత్మస్తుతి వలదని, పరనింద వలదని, అసత్యము పలుకవలదని బసవేశ్వరులు బోధించిరి. చిన్ననాటినుండి ఇంటిలో తల్లిదండ్రులు చెప్పినదియు ఇదియే. అంగడి తెరచిన మరునాటినుండి లోకము వేరొక పాఠము చెప్పును. నీ సరకును నీవు పొగడుకొనకున్న నెవరు కొందురు? ప్రక్క అంగడికంటె నీది మేలని చెప్పకున్న నీ గడప నెవరు త్రొక్కుదురు? ఈ రెండు పాఠములలో దేనిని పాటింపవలెనని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దీని వెనుక ఒక కుటుంబము యొక్క అన్నము కలదు, అంగడి కొరకు తెచ్చిన అప్పు కలదు. "ధర్మముగా నుండుము, అన్నియు చక్కబడును" అని ఒక్కమాటతో పంపివేసినచో ఆ యువకుడు రెండు త్రోవలలో నొకటి పట్టును. సిగ్గుపడి తన సరకును గూర్చి ఎవరికిని చెప్పక కొంతకాలమునకు అంగడి మూసికొనును. లేదా, ధర్మము పూజాగృహములోనే చెల్లునని తలచి, అంగడిలో నాలుకకు కళ్ళెము విప్పివేయును. ఈ రెండు త్రోవలును శరణులు నడచినవి కావు.

మొదట తెలియదగిన దేమనగా, చాటుట స్వతహాగా దోషము కాదు. తన పొట్టకొరకు మాత్రమే చేయు పని కాయకమనిపించుకొనదు. పరులకు ఉపయోగపడు వస్తువునో సేవనో తన చెమటతో సమకూర్చి, న్యాయమైన వెల గైకొని, వచ్చినదానితో దాసోహము సలుపుట కాయకము. మేదర కేతయ్య వెదురు తెచ్చి గంపలల్లెను. మోళిగె మారయ్య కట్టెలమోపు లమ్మెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేనెను. బసవేశ్వరులకు పూర్వుడైన జేడర దాసిమయ్య వస్త్రములు నేసెను. కేతయ్య అల్లిన గంప ఇంటి మూలనే పడియున్నచో గంప కావలసిన గృహిణికి అది చేరదు, ఆ గంప వెలతో వండవలసిన అన్నము జంగమునకును చేరదు. కావున "ఇచ్చట గంపలు దొరకును" అని పదిమందికి తెలుపుట కాయకములోని భాగమే. గంపకు అంచు కట్టుట యెట్లో, దానిని గూర్చి తెలుపుటయు అట్లే.

అయితే శరణులు తెలిపిన తీరు గమనింపదగినది. వారి పేర్లనే చూడుడు. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య, నులియ చందయ్య. మడివాళ మనగా బట్టలుతుకు వృత్తి. అంబిగ డనగా పడవ నడుపువాడు. పేరు వినగానే ఆయన ఏమి చేయునో తెలియును. చౌడయ్య యైతే తన వచనములకు ముద్రికగా కూడ వృత్తితో కూడిన తన పేరునే నిలిపెను. వృత్తిని దాచుకొనలేదు, దానిని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. కాని ఆ పేర్లలో "ఉత్తమ", "అద్వితీయ", "ప్రఖ్యాత" అను విశేషణ మెచ్చటను లేదు. ఏమి చేయుదునో చెప్పుట కలదు, ఎంతటివాడనో చెప్పుట లేదు. శరణుని అంగడి పలక ఎట్లుండవలెనో ఈ పేర్లే మనకు నేర్పుచున్నవి.

ఆ కాలముననే కన్నడ దేశమున అయ్యావొళె అయినూర్వరు అను గొప్ప వర్తక సంఘ ముండెడిది. వారి శాసనములు తమ శౌర్యమును, సత్యసంధతను, తాము తిరిగిన దేశములను వర్ణించు దీర్ఘమైన ప్రశస్తులతో ఆరంభమగును. వారు సమర్థులైన వర్తకులే, దానధర్మములు చేసినవారే. వారిని నిందింప బనిలేదు. కాని ఒకే యుగమున రెండు రీతులు ప్రక్కప్రక్కన నడచిన వని మాత్రము మనము గ్రహింపవలెను. ఒకటి తన్ను తాను శిలపై స్తుతించుకొను రీతి. రెండవది వృత్తి పేరుతో నిలబడి పనినే మాటలాడనిచ్చు రీతి. కల్యాణమున అనుభవ మంటపములో కూర్చున్నవారు రెండవ రీతివారు.

ఇక మాటకు హద్దు ఎచ్చట? బసవేశ్వరులు ఒక వచనమున మాట యెట్లుండవలెనో ఉపమానములతో తెలిపి, తుదకు ఆ మాటను విని లింగము సమ్మతింపవలె నను పరీక్షను పెట్టిరి. దీనికంటె గొప్ప పరీక్ష వ్యాపారికి లేదు. మీ సరకును గూర్చి వ్రాసిన ప్రకటనను అచ్చునకు పంపకమునుపు, ఉదయపు పూజలో ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని ఒక్కమారు మనసులో చదివి చూడుడు. ఏ మాట దగ్గర గొంతు తడబడునో ఆ మాటను కొట్టివేయుడు. మిగిలినది నిర్భయముగా చాటుడు.

ఒక ఉదాహరణము చెప్పెదము. నూనె గానుగ నడుపు గృహస్థు డొకడున్నాడనుకొందము. "మా నువ్వులనూనె కట్టెగానుగలో ఆడినది, వేరొక నూనె కలుపలేదు, ఆడిన తేది డబ్బాపై వ్రాసినాము, వచ్చి గానుగను చూడవచ్చును" అని యతడు చెప్పినచో అది సమాచారము. కొనువానికి ఉపకారము. "మా నూనె వాడినచో గుండెజబ్బు దరిచేరదు, మధుమేహము మాయమగును" అన్నచో అది యతడు ఎరుగని విషయము. ఎరుగనిదానిని ఎరిగినట్లు చెప్పుట అసత్యమే. పట్టుచీర లమ్ము వర్తకుడు జరీ ఏపాటిదో, పట్టు ఎంతో, నూలు ఎంతో చెప్పవలెను. మరమగ్గముపై ఇక్కత్తు రంగు లద్దిన బట్టను పోచంపల్లి చేనేత యని యమ్మినచో అతడు కొనువానిని మాత్రమే కాక, మగ్గము ముందు కూర్చున్న నేతగానిని కూడ దోచుకొనుచున్నాడు. జేడర దాసిమయ్యను తలచుకొను సమాజమున ఇది తగునా?

చేనేతకు 2006 నుండి చేనేత ముద్ర, పట్టునకు 2004 నుండి సిల్క్ మార్క్ కలవు. బంగారు నగలకు 2021 నుండి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి యైనది. ఇట్టి ముద్రల వలన వ్యాపారికి ఒక మేలు కలదు. తన్ను తాను పొగడుకొనవలసిన అవసరము తగ్గును. మూడవవాడు పరీక్షించి చెప్పిన మాటను చూపి ఊరకుండవచ్చును. ప్రభుత్వము కూడ ఈ విషయమున కన్ను తెరచినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిమారు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించు అధికారము కేంద్ర ప్రాధికారమునకు కలదు. చట్టము పట్టుకొనునని భయపడి సత్యము చెప్పువాడు మంచి పౌరుడు. చట్టము చూడని చోటను సత్యము చెప్పువాడు శరణుడు.

మాటకంటె పరీక్ష మేలు. కుమ్మరి గుండయ్య కథ మీరందరును ఎరిగినదే. ఆయన కుండలపై వేయు దరువునకు పరమశివుడే నాట్యమాడెనని మన పురాణములు చెప్పును. ఈ కథలో మన స్త్రీలు నేటికిని చేయు ఒక పని ఇమిడియున్నది. కుండ కొనుటకు పోయిన గృహిణి కుమ్మరి చెప్పు గొప్పలు వినదు. కుండను చేతపట్టి వ్రేలితో కొట్టి చూచును. చక్కగా కాలిన కుండ ఖంగున మ్రోగును. బీట యున్న కుండ బొద్దుగా పలుకును. కొట్టి చూచుటకు వెనుదీయని కుమ్మరియే నిజమైన ప్రచారము చేసినవాడు. మీ వ్యాపారమున కొట్టి చూచు అవకాశ మేదో ఆలోచింపుడు. పిండి యమ్మువాడు పిడికెడు రుచికి ఈయవచ్చును. పనిముట్టు లమ్మువాడు వాడి చూపవచ్చును. ఇల్లు కట్టు గుత్తేదారు తాను మునుపు కట్టిన ఇంటివారి అనుమతితో ఆ ఇంటికి తీసికొనిపోయి గోడలు చూపవచ్చును. నచ్చకున్న తిరిగి తీసికొందునని వ్రాసి యిచ్చి, ఆ వ్రాతకు కట్టుబడవచ్చును.

బసవేశ్వరులు బిజ్జలుని కోశాగారమును చూచుచున్న దినములలో, రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొండెములు పుట్టినవి. ఆయన తన నిజాయితీని గూర్చి ఉపన్యసింపలేదు. ధనమును లెక్కింపించి చూపెను, లెక్క సరిపోయెనని మన పురాణములు చెప్పుచున్నవి. నిందకు సమాధానముగా లెక్క చూపుట, సందేహమునకు సమాధానముగా వస్తువును చూపుట అను ఈ పద్ధతి నేటి వ్యాపారికిని చాలును.

పరనింద విషయమున ఒక్కమాట. ప్రక్క అంగడివాని సరకు మీకంటె తక్కువదే యని మీకు నిశ్చయముగా తెలిసినను, దానిని మీ ప్రచారమునకు ముడిసరకుగా వాడవలదు. కొనువాడు అడిగినచో, "వారిది ఆ రకము, మాది ఈ రకము, తేడా ఇది" యని చెప్పుట నింద కాదు. కల్తీ వలన ప్రాణహాని యున్నదని తెలిసినచో దానిని అధికారులకు తెలుపుట నింద కాదు, అది ధర్మమే. కాని అతని కుటుంబమును, కులమును, అప్పులను గూర్చి గుసగుసలాడి అతని గిరాకిని మీవైపు త్రిప్పుకొనుట దొంగతనముతో సమానము.

ఇప్పుడు మన సమాజమునకు మిక్కిలి దగ్గరి విషయమునకు వత్తము. నులియ చందయ్య కథ వినుడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారిపడెను. కాయకమునకే కట్టుబడిన చందయ్య దానిని తిరిగి చేపట్టుటకు ఒప్పుకొనలేదు. లింగదేవుడే వెంటబడి వేడుకొనెను. మడివాళ మాచయ్య మధ్యవర్తిత్వమున, చందయ్య పేనిన త్రాటిని అమ్మి తెచ్చు సేవకు లింగదేవుడు ఒప్పుకొనెను. బసవేశ్వరులు ఆ త్రాటికి దాని విలువకంటె ఎంతయో హెచ్చు ధనమిచ్చిరి. ఆ ధనమును చూచి చందయ్య సంతసింపలేదు. త్రాటికి తగిన వెలయే తనది, మిగిలినది తన కాయకపు సొమ్ము కాదని త్రోసిపుచ్చెను.

ఈ కథను వ్యాపారి దృష్టితో మరల తలపోయుడు. అమ్మినవాడు సాక్షాత్తు లింగదేవుడు, కొన్నవారు సాక్షాత్తు బసవేశ్వరులు. అయినను త్రాటి వెల త్రాటి వెలయే. అమ్మువాని మహిమ చేత, కొనువాని భక్తి చేత వెల పెరుగరాదని చందయ్య తీర్పు. నేడు మనము చేయుచున్న దేమి? బసవేశ్వరుల చిత్రపటము నచ్చువేసి దానిక్రింద వడ్డీ వ్యాపారపు పేరు వ్రాయుదుము. స్వామివారు అంగడికి వచ్చి ఆశీర్వదించిన ఫొటోను సరకు నాణ్యతకు యోగ్యతాపత్రముగా చూపుదుము. రుద్రాక్షను, విభూతిని, రోగములు కుదుర్చు నని ప్రకటించి పదింతల వెలకు అమ్మువారును కలరు. తాయెత్తులు, మంత్రములు, కవచములు రోగములను పోగొట్టునని ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. అష్టావరణములు మనలను రక్షించుటకు వచ్చినవి. వానిని సరకునకు ఎర చేయరాదు.

అంతకంటె ప్రమాదకరమైనది బంధుత్వమును ఎర చేయుట. "మనవాడవు కదా, నీవు చేరి మరి ఇద్దరిని చేర్పుము, వారు మరి నలుగురిని చేర్తురు" అని చెప్పు గొలుసుకట్టు పథకములు సమాజముల మధ్యకు ఇట్లే ప్రవేశించును. ఇట్టి ద్రవ్యచలామణి పథకములను 1978లోనే చట్టము నిషేధించినది. 2021 నాటి ప్రత్యక్ష విక్రయ నియమములును పిరమిడ్ పథకములను కూడదన్నవి. పేరు మారి అవి మరల మరల వచ్చుచునే యున్నవి. వీనిలో సరకు పేరునకు మాత్రమే యుండును. నిజముగా అమ్ముడుపోవునది మనవారు మనయందుంచిన నమ్మకము. క్రింది వరుసలో చేరినవారి డబ్బు మునిగిన దినమున పెండ్లిపేరంటములకు రాకపోకలు నిలిచిపోవును. అన్నదమ్ములు మాటలాడుకొనరు. పోయిన ధనము తిరిగి రావచ్చును, పోయిన నమ్మకము ఒక తరమువరకు రాదు. కావున ఎవరైనను మతము పేరిటనో కులము పేరిటనో పెట్టుబడి యడిగినచో, వేరెవరినైనను అడుగునట్లే లెక్కలడుగుడు. అడిగినందుకు నొచ్చుకొనువానికి ఈయకుండుటయే క్షేమము.

మనవారికి మన సరకును గూర్చి చెప్పనే కూడదా? చెప్పవచ్చును. చోటును, వేళను, మారులను చూచుకొనవలెను. ఇష్టలింగ పూజ జరుగుచోట, శివైక్యమునొందినవారి ఇంట, దాసోహ పంక్తిలో కూర్చున్నప్పుడు వ్యాపారపు మాట ఎత్తరాదు. అచ్చట మీ యెదుటనున్నవాడు గిరాకి కాడు, శరణుడు. బంధువుల వాట్సాప్ సమూహములో ఒకమారు తెలిపినచో చాలును. ప్రతి ఉదయము పంపినచో అది తెలుపుట కాక వేధించుట యగును. ఒకరు "వద్దు" అన్నచో చిరునవ్వుతో విని, మరుసటినాడు కలిసినప్పుడు అదే ఆదరముతో పలుకరింపుడు. కొనకపోయినను మీ ప్రేమ తగ్గలేదని వారికి తెలియవలెను. బంధువు మొహమాటముతో కొన్నది అమ్మకము కాదు, వసూలు.

ఎంతవరకు అమ్మవలెను అను ప్రశ్నయు కలదు. కాయకమును కైలాసముతో సమానము చేసిన ప్రసిద్ధమైన మాట ఆయ్దక్కి మారయ్య వచనములోనిది. ఆ మారయ్య నేలరాలిన బియ్యపు గింజలేరి తెచ్చి దాసోహము చేసెడివాడు. ఒకనాడు అవసరముకంటె హెచ్చు బియ్యము తెచ్చెను. ఆయన యిల్లాలు లక్కమ్మ ఆ హెచ్చును తిరిగి పోసి రమ్మని పంపెను. ఆశ రాజులకు ఉండవచ్చును గాని శివభక్తులకు తగదని మందలించెను. వ్యాపారము పెంచుట దోషమని దీని యర్థము కాదు. పదిమందికి పని కల్పించు కర్మాగారము సమాజమునకు మేలే. కాని కొనువాని అవసరము ముగిసినచోట మన ప్రచారమును ముగియవలెను. కూతురి పెండ్లికి అప్పు తెచ్చిన తండ్రికి, రెండు పట్టుచీరలు చాలునని తెలిసియు, పది చూపి నలుగురిలో చిన్నబుచ్చి కొనిపించినచో ఆ హెచ్చు బియ్యము మన యింట చేరినట్లే. ప్రతి ఇంట ఒక లక్కమ్మ యుండవలెను. భర్త తెచ్చిన లాభమును చూచి, "ఇది ఎట్లు వచ్చినది?" అని యడుగు ఇల్లాలు ఆ ఇంటి నిజమైన లెక్కలు చూచునది.

మఠములవారికి ఒక విన్నపము. దాసోహము ప్రచారము కాకూడదు. అన్నము పెట్టినవాడు దాసుడనని తలవంచుటయే దాసోహము. పంక్తి వెనుక అంగడి పేరుతో పెద్ద పలక కట్టినచో అన్నము ప్రసాదము కాక ప్రకటన యగును. దాతల పేర్లు లెక్కల పుస్తకమున వ్రాసి ఏటేట అందరికిని చదివి వినిపింపుడు. అది ధర్మము, అవసరము కూడ. కాని ఏ వ్యాపారికి ఎంత పెద్ద అక్షరములతో పేరు వేయవలె నను పోటీకి మఠము రంగస్థలము కారాదు. స్వామివారు ఒక అంగడి ప్రారంభోత్సవమునకు పోయినప్పుడు ఆ శ్రమజీవిని ఆశీర్వదింపవచ్చును. సరకునకు పూచీ పడవలదు.

తుదకు యువకుల మనసులోనున్న అసలు భయమును గూర్చి చెప్పవలెను. సత్యమే చెప్పి, హద్దులోనే చాటినచో అంగడి నడచునా? తప్పక నడచునని మేము హామీ యిచ్చినచో అదియు ఒక తప్పుడు ప్రకటనయే యగును. అబద్ధములాడువాని అంగడి కొంతకాలము కిటకిటలాడుట మనము కన్నులార చూచుచున్నాము. సత్యము చెప్పినందుకు కొన్ని బేరములు పోవును. లాభము ఆలస్యముగా వచ్చును. కొన్నిమారులు రాకపోవచ్చును. అట్టి దినములలో ఖర్చు తగ్గించుకొనుట, సరకు మార్చుట, పని మెరుగుపరచుకొనుట, పెద్దల సలహా యడుగుట, అవసరమైనచో వేరొక కాయకము చేపట్టుట, ఇవన్నియు గౌరవప్రదములే. కాయకములో ఎక్కువ తక్కువలు లేవని చెప్పిన మార్గము మనది.

అయితే నష్టములోను చెడని దొకటి కలదు. సత్యము చెప్పి అమ్మినవాడు తాను అమ్మిన ఇంటి ముందునుండి ఏనాడైనను తల యెత్తి నడచిపోగలడు. కొన్నవాడు ఎదురుపడినప్పుడు సందు మార్చడు. రాత్రి ఇష్టలింగమును అరచేత నుంచుకొన్నప్పుడు ఆ చేయి వణకదు. పగలు తక్కెడ పట్టిన చేయియు లింగమును పట్టిన చేయియు ఒక్కటే కదా!

కావున బంధువులారా! మీ కాయకమును దాచవలదు. ఏమి చేయుదురో, ఎచ్చట చేయుదురో, ఎంతకు ఇత్తురో, ఏమి ఈయలేరో స్పష్టముగా చెప్పుడు. కొట్టి చూచువానికి కుండను అందీయుడు. మీ పేరును గూర్చిన పొగడ్తను కొన్నవారి నోటికి విడిచిపెట్టుడు. వారు పొగడినచో దానిని లింగార్పితము చేయుడు. పొగడకున్న మరునాడు మరింత శ్రద్ధతో పని ఆరంభింపుడు.

బసవాది ప్రమథుల కరుణ మీ అంగళ్ళయందును, మగ్గములయందును, పొలములయందును, దాసోహ గృహములయందును నిండియుండుగాక!

శరణు శరణార్థులు.